ప్రెడ్నిసొలోన్ తగ్గిస్తుంటే ఒళ్లునొప్పులు: వాతం తిరగబెట్టిందా, కార్టిసాల్ చాలడం లేదా?

గోదారిగట్టు:
అమ్మకు 54 ఏళ్లు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం). వాతానికి మెథోట్రెక్సేట్ వారానికి 15 మి.గ్రా., ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజూ ఏడాదిగా. అది 10 మి.గ్రా. నుంచి 5కు దించినప్పుడు బాగానే ఉంది. 2.5కు దించాక ఒళ్లంతా నొప్పులు, నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. కీళ్ల వాపు లేదు. మళ్లీ 10కి పెంచాలా?

వేపచెట్టునీడ:
వాపు లేదంటే వాతం కంటే కార్టిసాల్ లోటునే ముందు అనుమానించాలండి. కార్టిసాల్ అంటే ఒళ్లు తనే తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్. కిడ్నీల మీదుండే మన అడ్రినల్ గ్రంథులు రోజూ చేసే కార్టిసాల్ సుమారు 4-6 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌కు సమానం. అంతకుమించి మూడు నాలుగు వారాలు దాటి వాడితే మెదడు కిందుండే పిట్యుటరీ గ్రంథి నుంచి ఏసీటీహెచ్ (అడ్రినల్‌ను పనిచేయించే హార్మోన్) తగ్గిపోయి, ఆ గ్రంథులు మందగిస్తాయి. 5 దాకా లోటంతా మాత్రే పూడ్చింది. అక్కడి నుంచి గ్రంథి పనిలోకి దిగాలి, ఒక్కసారి సగానికి కోస్తే అందుకోలేదు.

వాతమే అయితే కీళ్లు వాస్తాయి, పొద్దున గంటకు పైగా బిగుసుకుంటాయి, రక్తపరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే గుర్తు) పెరుగుతుంది. కార్టిసాల్ లోటైతే వికారం, ఆకలి మందగించడం, బీపీ పడిపోవడం. కళ్లు తిరుగుతున్నాయి కాబట్టి ఇవాళే డాక్టరుకు చెప్పండి. ఇలాంటప్పుడు మామూలుగా తిరిగి 5కే తెస్తారు, 10 అక్కర్లేదు. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

తెల్లకోటు:
5 మి.గ్రా. మీద కుదుటపడ్డాక ఉదయం 8-9 మధ్య కార్టిసాల్ పరీక్ష చేయిస్తారు. ముందురోజు ఉదయం మాత్ర వేసుకుని, ఆ రోజు రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. చాలా ల్యాబ్ కిట్లు ప్రెడ్నిసొలోన్‌ను కూడా కార్టిసాల్‌గానే లెక్కేస్తాయి, ఈ పొరపాటుతో రిపోర్టులు తరచూ పాడవుతాయి. 10 మైక్రోగ్రాములు/డె.లీ. దాటితే గ్రంథి కోలుకున్నట్టే. 5 లోపైతే మాత్ర కొనసాగించి కొన్ని నెలలాగి మళ్లీ చూస్తారు. మధ్యలో ఉంటే కొన్ని వారాలకే ఇంకోసారి. తగ్గించేటప్పుడు నెలకు 1 మి.గ్రా. చాలు.

జ్వరం వస్తే ఒంటికి కార్టిసాల్ ఎక్కువ కావాలి. మామూలుగా ఆ రోజుల్లో ప్రెడ్నిసొలోన్ మొత్తం 10 మి.గ్రా. అయ్యేలా 5 చొప్పున రెండుసార్లు ఇస్తారు. ఈ లెక్క ముందే డాక్టరుతో రాయించి పెట్టుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే ఎమర్జెన్సీకే వెళ్లాలి, అక్కడ హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ ఇస్తారు.

గోదారిగట్టు:
థాంక్సండి. ఇంకో సంగతి, ఊళ్లో ఒకాయన దగ్గర కీళ్లనొప్పులకు పొట్లాల పొడి తెచ్చుకునేది. పోయిన నెలే మాన్పించాం.

తెల్లకోటు:
ఇది డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలాంటి పొడుల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్ అనే ఘాటైన స్టెరాయిడ్లు కలిపినవి దొరికాయి. డెక్సామెథసోన్ 0.75 మి.గ్రా. అంటే 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ ఎత్తు! అది కలిసి ఉంటే అమ్మగారికి అందుతున్న స్టెరాయిడ్ మీరు లెక్కేసిన దానికంటే చాలా ఎక్కువ, పొడి మాన్పించడంతోనే ఒక్కసారిగా పడిపోయింది. పొట్లం మిగిలి ఉంటే పారేయకుండా తీసుకెళ్లండి.