స్వచ్ఛందంగా నడిచే కమ్యూనిటీ రేడియో నిలబడుతుందా? అనుమతి వచ్చేలోగా ఏం చేయాలి?

ప్రశ్న (పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి):
మా ఊళ్లో కొన్నేళ్లుగా గ్రంథాలయం నడుపుతున్న రిజిస్టర్డ్ సంఘం మాది. ఇప్పుడు కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల ఊళ్ల కోసం స్థానికులే నడుపుకునే చిన్న ఎఫ్‌ఎం కేంద్రం, పెట్టాలని సభ్యులందరూ ఉత్సాహపడుతున్నారు. జీతాలిచ్చే స్తోమత మాకు లేదు. ఉపాధ్యాయులు, రైతులు, డిగ్రీ చదివే పిల్లలు వీలున్నంత సమయం ఇస్తామంటున్నారు. అలాంటి కేంద్రం ఏళ్ల తరబడి నిలుస్తుందా? అనుమతి వచ్చేదాకా ఎదురుచూడటమేనా, ఈలోగా చేయదగిన పని ఏమైనా ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (జహీరాబాద్ నుంచి):
మీ రెండో ప్రశ్నకు మా ప్రాంతంలోని సంగం రేడియో చరిత్రే జవాబు. అప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని మాచ్‌నూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రామ సంఘాల మహిళల కోసం యునెస్కో సాయంతో 1990ల చివరలోనే స్టూడియో సిద్ధమైంది. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, కొద్దిపాటి భూమి ఉన్న రైతులు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పునిచ్చింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. అయినా విద్యాసంస్థలకు తప్ప మిగిలిన సంస్థలకు 2006 నవంబర్ దాకా దారి తెరుచుకోలేదు. చివరకు 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలైంది. 1995 నాటి ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ గారే వచ్చి దాన్ని ప్రారంభించారు.

నడుమ గడిచిన పదేళ్లను ఆ మహిళలు వృథా చేయలేదు. చిరుధాన్యాల సాగు, విత్తనాలు దాచే పద్ధతులు, ఆరోగ్యం, పండుగ పాటలు అన్నీ తమ యాసలోనే రికార్డు చేసుకుని, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించి చర్చించుకున్నారు. అందువల్ల ట్రాన్స్‌మిటర్ వచ్చిన నాటికే వారికి కార్యక్రమాల నిల్వ, చేయి తిరిగిన నిర్వాహకులు, అన్నిటికంటే ముఖ్యంగా శ్రోతలు ఉన్నారు. కేంద్రాన్ని నడిపించిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఇద్దరూ ఆ సంఘాల నుంచి వచ్చినవారే. నా దృష్టిలో మాచ్‌నూరు రేడియో పుట్టింది 2008లో కాదు, ఆ క్యాసెట్ల రోజుల్లోనే. కాబట్టి ఒక మంచి రికార్డర్ కొనుక్కుని మీరు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

జవాబు 2 (విజయవాడ నుంచి):
నిబంధనల గురించి కొంత చెబుతాను. వ్యక్తులకు, రాజకీయ పక్షాలకు, లాభాపేక్ష ఉన్న సంస్థలకు అనుమతి ఇవ్వరు. దరఖాస్తు చేసే సంఘం రిజిస్టరై కనీసం మూడేళ్లు కావాలి. ట్రాన్స్‌మిటర్ శక్తికి సాధారణంగా 100 వాట్ల పరిమితి, యాంటెనాకు 30 మీటర్ల ఎత్తు పరిమితి ఉన్నాయి. కార్యక్రమాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి. ప్రసారమైన వాటిని మూడు నెలల పాటు భద్రపరచాలి. సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేదు కానీ నీటి సరఫరా, కరెంటు, వాతావరణం, పరీక్షలు, జాతరలు వంటి స్థానిక సమాచారం ఇవ్వవచ్చు. నిజానికి పల్లెలో జనం రేడియో పెట్టుకునేది ఎక్కువగా వీటి కోసమే. గంటకు ఇన్ని నిమిషాలని పరిమితంగా ప్రకటనలకూ అవకాశం ఉంది, కనుక కరెంటు బిల్లుకు దాతల మీదే ఆధారపడనవసరం లేదు.

జవాబు 3 (అనంతపురం నుంచి):
మొదటి ప్రశ్నకు నా అభిప్రాయం కొంచెం వేరు. పూర్తిగా స్వచ్ఛంద సేవ మీదే కేంద్రాన్ని నిలబెట్టాలనుకోవడం స్వచ్ఛందంగా వచ్చేవారికే భారమవుతుంది. నాట్లప్పుడు రైతులు, పరీక్షలప్పుడు విద్యార్థులు రాలేరు, అది వారి తప్పు కాదు. యంత్రాలు చూసుకునే ఒక్కరికైనా నెలకు కొంత గౌరవ వేతనం ఏర్పాటు చేయండి. మిగిలిన బాధ్యతలను వారాల వారీగా కాక కార్యక్రమాల వారీగా పంచండి. విత్తనాల కార్యక్రమం ఒక బృందానిది, పిల్లల కార్యక్రమం ఇంకొక బృందానిది అయితే, ఒకరు రాకపోయినా మరొకరు అందుకుంటారు.

ఇంకొక మాట. మీది కొండ ప్రాంతం. ఎఫ్‌ఎం తరంగాలకు కొండ అడ్డొస్తే అవతలి ఊరికి మాట చేరదు. దరఖాస్తుకు ముందే యాంటెనా స్థలం గురించి తెలిసిన ఇంజనీరును అడగండి. సవర, కువి మాట్లాడే ఊళ్లు చుట్టుపక్కల ఉంటే, ఆ భాషల్లో కార్యక్రమాలు చేయగలవారిని తొలి సమావేశానికే పిలవండి.