విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు, ఎలక్ట్రానిక్ జర్నళ్లు, కార్యక్రమాల సమాచారం: విశాఖ పరిశోధకులను అడుగుతున్నాను

ప్రశ్న: గాజువాక పరిశోధకురాలు

నేను గాజువాకలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తూ, నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ఈ మధ్యే నమోదు చేసుకున్నాను. విశాఖపట్నం రేవు నిర్మాణం గురించి 1925 నుంచి 1935 వరకు తెలుగు పత్రికల్లో ఎటువంటి చర్చ జరిగింది, కూలి, భూమి, వర్తకం వంటి విషయాలను ఆనాటి సంపాదకులు ఏ దృష్టితో చూశారు అన్నది నా పరిశోధనాంశం.

గ్రంథాలయంలోని కంప్యూటరులో ఆంగ్ల అక్షరాలతో ఊరి పేరు, రేవు అనే మాట కలిపి వెతికితే ప్రభుత్వ నివేదికలు, మేనేజ్‌మెంటు విభాగపు సిద్ధాంత గ్రంథాలు కొన్ని కనిపించాయే తప్ప ఒక్క తెలుగు పత్రిక పేరు కూడా రాలేదు. కౌంటరులో అడిగితే, కంప్యూటరు చూపించకపోతే ఆ పుస్తకం లేనట్టేనని చెప్పారు. నిజంగా అంతేనా, లేక నేను వెతకవలసిన పద్ధతి వేరే ఉందా?

'ఒకే దేశం, ఒకే చందా' పథకం కింద వేల జర్నళ్లు ఉచితంగా చదువుకోవచ్చని విన్నాను గానీ మా కళాశాల కంప్యూటర్లలో అవి తెరుచుకోవడం లేదు. పైగా గ్రంథాలయం నిర్వహించే శిక్షణ తరగతులు, ప్రదర్శనల గురించి నాకు ఎప్పుడూ అవి ముగిసిన తరువాతే తెలుస్తోంది. వారానికి ఒక రోజు మాత్రమే సెలవు దొరికే నాబోటి వారు ఈ సమాచారాన్ని ముందుగా ఎలా తెలుసుకుంటున్నారో చెప్పగలరు.

జవాబు: విశ్రాంత గ్రంథపాలకుడు, ఎం.వి.పి. కాలనీ

అమ్మా, కంప్యూటరు క్యాటలాగు చెప్పేది గ్రంథాలయంలో ఏమి ఉందో కాదు, ఇంతవరకు అందులో ఏమేమి ఎక్కించారో మాత్రమే. కొన్ని దశాబ్దాలపాటు చేతిరాతతో అక్సెషన్ రిజిస్టర్లలోనూ (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసుకునే పుస్తకాలు), కార్డు బీరువాల్లోనూ నమోదైన సామగ్రిని తరువాతి కాలంలో కంప్యూటరులోకి మార్చేటప్పుడు, విద్యార్థులు ఎక్కువగా అడిగే పాఠ్యపుస్తకాలు ముందు వెళ్తాయి, బైండు చేసిన పాత తెలుగు పత్రికలు చివరికి మిగులుతాయి. చాలా పాత గ్రంథాలయాల్లో జరిగింది ఇదే. కాబట్టి కంప్యూటరులో కనిపించలేదన్న ఒక్క కారణంతో లేదని తీర్మానించుకోవద్దు. పత్రికల విభాగానికి వెళ్లి, బౌండ్ వాల్యూముల రిజిస్టరు చూపించమని అడగండి. మీ పరిశోధక గుర్తింపు కార్డుతో పాటు పర్యవేక్షకుల సంతకంతో ఒక అభ్యర్థన పత్రం తీసుకువెళ్తే స్టాక్ రూములోని సామగ్రిని బయటికి తీయించడం సులువవుతుంది.

రెండవది, ఆంగ్ల అక్షరాల సమస్య. తెలుగు పుస్తకాల పేర్లను చాలాచోట్ల రోమన్ లిపిలోనే నమోదు చేశారు, అందులో ఒక్కో ఉద్యోగిది ఒక్కో వరుస. రెడ్డి అన్న మాట చివర వై ఉండవచ్చు, ఐ ఉండవచ్చు. శాస్త్రి అన్నప్పుడు మొదటి అక్షరం పక్కన హెచ్ ఉండవచ్చు, లేకపోవచ్చు. దీర్ఘాలకు కొందరు అక్షరాన్ని రెండుసార్లు రాశారు, కొందరు వదిలేశారు. ఇంటిపేరు ముందా, వ్యక్తి పేరు ముందా అన్నది కూడా ఒకే క్యాటలాగులో ఒకేలా ఉండదు. మీ ఊరి పేరే తీసుకోండి. విశాఖపట్నం, వైజాగపటం, వైజాగ్, వాల్తేరు అన్న నాలుగింటినీ విడివిడిగా, ఒక్కొక్కదానికి రెండు మూడు వర్ణక్రమాలతో వెతికితే తప్ప వెతికినట్టు కాదు. 1869లో కార్మైకేల్ రాసిన జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన జిల్లా గెజెటీరు మీకు తప్పక కావలసినవి. ఆ రెండూ వైజాగపటం పేరుతోనే ఉంటాయి.

మూడవది, ఒకే విషయం మీద పుస్తకాలు ఒకే అరలో ఉంటాయని అనుకోకండి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ వర్గీకరణను అనుసరించే గ్రంథాలయంలో రేవుల వర్తక నిర్వహణ 387.1 దగ్గర, రేవు కట్టడపు ఇంజనీరింగు 627.2 దగ్గర, ఆంధ్ర ప్రాంత చరిత్ర 954.84 దగ్గర, భారతీయ పత్రికల చరిత్ర 079.54 దగ్గర ఉంటాయి. ఈ నాలుగు అరలు నాలుగు వేర్వేరు గదుల్లోనో అంతస్తుల్లోనో ఉండవచ్చు. ఇంజనీరింగు కళాశాలకు విడిగా గ్రంథాలయం ఉన్న చోట రేవు నిర్మాణ నివేదికలు అక్కడికి చేరి ఉండే అవకాశం కూడా ఉంది. చరిత్ర విద్యార్థులు ఆ వైపు వెళ్లడం నేను అరుదుగానే చూశాను.

మీరు ఏ విశ్వవిద్యాలయమో చెప్పలేదు, చెప్పనవసరం లేదు. ఎక్కడ నమోదైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయాన్ని మాత్రం చూడకుండా ఉండవద్దు. 1926లో ఏర్పడిన విశ్వవిద్యాలయం అది. 1949 నుంచి 1961 వరకు ఉపకులపతిగా ఉన్న కృష్ణ గారి పేరు ఆ గ్రంథాలయానికి పెట్టారు. మీ కాలానికి చెందిన ముద్రణలతో పాటు అక్కడ తాళపత్రాలు కూడా ఉన్నాయి. బయటి విశ్వవిద్యాలయం వారైతే మీ విభాగాధిపతి నుంచి పరిచయ లేఖ తీసుకుని, ముందే ఫోనులో వేళలు కనుక్కుని వెళ్లండి.

జవాబు: మద్దిలపాలెం స్కాలర్

ఎలక్ట్రానిక్ జర్నళ్ల విషయం వరకు నేను చెబుతాను. మీరు అడిగిన పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 జర్నళ్లు వస్తున్నాయి, నిర్వహణ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానిది. అయితే మొదటి దశలో ఇది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలో ఉన్న ఉన్నత విద్యాసంస్థలకు మాత్రమే వర్తిస్తుంది. మీరు పనిచేసేది ప్రైవేటు కళాశాల కాబట్టి అక్కడి కంప్యూటర్లలో తెరుచుకోకపోవడం సహజమే. మీరు నమోదైన విశ్వవిద్యాలయం ప్రభుత్వ సంస్థ అయితే, పరిశోధక విద్యార్థిగా అక్కడి గ్రంథాలయం ద్వారా మీకు విడిగా లాగిన్ ఇప్పించుకోవచ్చు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిలు చిరునామాతో దరఖాస్తు చేస్తే గాజువాకలో ఇంట్లో కూర్చునే చదువుకునే ఏర్పాటు ఉంటుంది. సొంత జీమెయిలుతో అడిగితే సాధారణంగా తిరస్కరిస్తారు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఆ 13,000లో సింహభాగం సైన్సు, వైద్యం, ఇంజనీరింగు జర్నళ్లే. మీకు సేజ్, కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ వారి చరిత్ర జర్నళ్లు పనికివస్తాయి, అవి కూడా సిద్ధాంత చర్చ కోసమే. 1930ల నాటి తెలుగు సంపాదకీయం ఒక్కటి కూడా అక్కడ దొరకదు. కాబట్టి లాగిన్ రాలేదని పని ఆపుకోవలసిన అవసరం మీకు లేదు.

అంతకంటే ముందు, దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఇంటర్నెట్‌లో ఉంచే శోధ్‌గంగలో ఒక రోజు గడపండి. అందులో ప్రతి సిద్ధాంత గ్రంథాన్నీ ముఖపత్రం, విషయసూచిక, అధ్యాయాలు, ఉపయుక్త గ్రంథాల పట్టిక అంటూ విడి పీడీఎఫ్‌లుగా పెడతారు. మీ అంశానికి దగ్గరగా ఉన్న పాత సిద్ధాంత గ్రంథాల్లో మొదట చివరి పీడీఎఫ్ తెరిచి, వారు ఏ పత్రికను ఏ గ్రంథాలయంలో చూశారో రాసుకోండి. ఇతరులు ఏళ్ల తరబడి తిరిగి కనుక్కున్న చిరునామాలు ఒక మధ్యాహ్నంలో మీ చేతికి వస్తాయి. నమోదు దశలో ఉన్న అంశాల కోసం శోధ్‌గంగోత్రి వేరే ఉంది, మీ అంశం ఇంకెవరైనా తీసుకున్నారేమో అక్కడ చూసుకోండి.

గాజువాక పరిశోధకురాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. విశ్వవిద్యాలయం ఈమెయిలు నాకు ఇచ్చారు గానీ దానిని ఇంతవరకు ఫీజు రసీదుల కోసమే వాడుతున్నాను. ఇంకొక్క సందేహం. బౌండ్ వాల్యూములు దొరికినా, పదేళ్ల దినపత్రికను పుట పుటా తిరగేయడం పార్ట్‌టైమ్ పరిశోధకులకు సాధ్యమయ్యే పని కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పాత పత్రికల పాఠకుడు, అల్లిపురం

తేదీల నుంచి మొదలుపెట్టండి. రేవులోకి మొదటి ప్రయాణికుల ఓడ జలదుర్గ వచ్చింది 1933 అక్టోబరు 7న. వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించింది అదే ఏడాది డిసెంబరు 19న. ఆంధ్రపత్రిక దినపత్రిక అప్పటికి మద్రాసులో అచ్చవుతోంది కాబట్టి వార్త మరునాడో, ఆ తరువాతి రోజో వచ్చి ఉంటుంది, దాని మీద వ్యాఖ్య మరో వారం దాకా సాగుతుంది. మచిలీపట్నం నుంచి వచ్చే కృష్ణాపత్రిక వారపత్రిక, కనుక అందులో వార్త కంటే సంపాదకీయమే మీకు ముఖ్యం. ఈ రెండు తేదీల చుట్టూ మూడేసి వారాలు చదివితే ఆనాటి వారు రేవు గురించి ఏ మాటలు వాడారో తెలుస్తుంది. హార్బరు అన్నారా, రేవు అన్నారా, ఓడరేవు అన్నారా అన్నది పట్టుబడ్డాక మిగతా సంవత్సరాల్లో శీర్షికలు చూసుకుంటూ వెళ్లడం చాలా తేలిక. నిర్మాణాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వే చేపట్టింది కాబట్టి, రైల్వే వార్తల శీర్షికలను వదిలేయకండి.

పత్రికలు ఉగాదికి వేసే సంవత్సరాది సంచికల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వాటి అట్ట మీద, ఒక్కోసారి రిజిస్టరులోనూ, ఆంగ్ల సంవత్సరానికి బదులు తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. మీకు కావలసిన 1933-34 శ్రీముఖ. దానికి ముందుది ఆంగీరస, తరువాతది భావ. అయితే శ్రీముఖ ఉగాది నాటికి రేవు ఇంకా తెరవలేదు, అందువల్ల ప్రారంభం మీద తీరుబడిగా రాసిన వ్యాసాలేవైనా ఉంటే భావ సంచికలో వెతకాలి. ఈ లెక్క తెలియని వారు ఎదురుగా ఉన్న సంపుటాన్ని దాటిపోతుంటారు.

కాగితం మీద చదివే ముందు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించి పెట్టిన పాత పత్రికలను ఇంటర్నెట్‌లో చూడండి. అక్కడ పేరు పెట్టి వెతికితే లోపలి వ్యాసాలు రావు, పత్రిక, ఏడాది, నెల ఎంచుకుని తెరవాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు పెద్ద సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, వాటికీ రోమన్ వర్ణక్రమం చిక్కు తప్పదు. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో కూడా ఒకసారి వెతకండి, కానీ మీ అంశానికి దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోను.

విశాఖలో దొరకని సంచికల కోసం రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి, చీరాల దగ్గరి వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనానికి వెళ్లవలసి ఉంటుంది. పత్రికల పాత సంపుటాలకు వేటపాలెం పెట్టింది పేరు. ఎక్కడైనా సరే, 1930ల న్యూస్‌ప్రింటు మడతల దగ్గర పెళుసుగా విరుగుతుంది. జిరాక్సు యంత్రం మీద బోర్లించమని అడగవద్దు. అనుమతి తీసుకుని, ఫ్లాష్ ఆపి, ఫోనుతో ఫోటో తీసుకోండి. ప్రతి పుట ఫోటోలో పత్రిక పేరు, తేదీ ఉన్న పై అంచు తప్పనిసరిగా పడేలా చూసుకోండి, లేకపోతే ఆరు నెలల తరువాత అధోజ్ఞాపిక రాయడానికి ఆ ఫోటో పనికిరాదు.

జవాబు: గ్రంథాలయశాస్త్ర విద్యార్థిని

కార్యక్రమాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. కొన్ని తేదీలు ఏటా మారవు. ఆగస్టు 12 ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి, గ్రంథపాలకుల దినోత్సవం. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం. ఈ మూడింటికి రెండు వారాల ముందు గ్రంథాలయ కార్యాలయానికి ఒక ఈమెయిలు రాస్తే ఏం జరగబోతోందో చెబుతారు. జర్నళ్ల వాడకం, ఉల్లేఖనల సాఫ్ట్‌వేరు, సారూప్యత తనిఖీ (రాసినదానిలో ఇతరుల రాతతో పోలికలు చూడటం) వంటి వాటి మీద శిక్షణ తరగతులు ఎక్కువగా కొత్త పరిశోధకుల కోర్సువర్కు మొదలైన నెలల్లో పెడతారు, ఆ సమాచారం విభాగాలకే వెళ్తుంది. మీ విభాగం కార్యాలయంలో పరిశోధకుల వాట్సాప్ గ్రూపు ఉందేమో కనుక్కుని, పార్ట్‌టైమ్ వారిని కూడా అందులో చేర్చమని అడగండి. నోటీసు బోర్డు మీదే ఆధారపడే పద్ధతి రోజూ వచ్చే విద్యార్థులకు సరిపోతుంది గానీ మీకు సరిపోదని వారికి రాతపూర్వకంగా తెలియజేయడంలో తప్పేమీ లేదు.

జవాబు: మద్దిలపాలెం స్కాలర్

శిక్షణ తరగతులకు వెళ్లవలసిందే. కానీ వారోత్సవాల కోసం సెలవు పెట్టమని మాత్రం నేను సలహా ఇవ్వను. వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, ముగింపు సభ, శాలువాలు. పరిశోధకులకు అందులో ఏముంది?

జవాబు: విశ్రాంత గ్రంథపాలకుడు, ఎం.వి.పి. కాలనీ

సభల సంగతిలో మీతో నాకు పేచీ లేదు, బాబూ. ప్రదర్శన సంగతి వేరు. ఏడాది పొడవునా తాళం వేసి ఉండే బీరువాల్లోని అరుదైన పుస్తకాలను, తొలి సంచికలను చాలా గ్రంథాలయాలు ఆ వారంలోనే బయటికి తీసి బల్లల మీద పెడతాయి. ప్రతి దాని పక్కన ఒక చీటీ ఉంటుంది, దాని మీద కాల్ నంబరో (పుస్తకం ఏ అరలో ఉందో చెప్పేది) అక్సెషన్ నంబరో ఉంటుంది. ఆ నంబరు రాసుకుంటే, కంప్యూటరులో లేని పుస్తకాన్ని కూడా తరువాత పేరు చెప్పకుండా నంబరుతోనే తెప్పించుకోవచ్చు. అమ్మాయి గారికి ఒక్క పూట చాలు. ప్రారంభోత్సవం రోజున కాకుండా మధ్యలో ఏదో ఒక రోజు పదకొండు గంటల వేళకు వెళ్తే ఆ బల్లల దగ్గర జనం ఉండరు, సామగ్రిని అమర్చిన ఉద్యోగి అక్కడే కూర్చుని ఉంటారు. కౌంటరులో మీకు లేదని చెప్పిన వారిని కాక, ఆ ఉద్యోగిని అడగండి.

గాజువాక పరిశోధకురాలు:

ముందుగా విభాగాధిపతి గారి నుంచి పరిచయ లేఖ, విశ్వవిద్యాలయం ఈమెయిలుతో లాగిన్ దరఖాస్తు. ఈ రెండూ ఈ వారంలో పూర్తిచేస్తాను. ప్రెస్ అకాడమీ సంచికల్లో 1933 అక్టోబరు, డిసెంబరు నెలలు చూసి, ఏ తేదీల సంచికలు కొరవడ్డాయో ఇక్కడే రాస్తాను. వేటపాలెంలో పాత సంపుటాలు చూసి వచ్చిన వారెవరైనా ఉంటే, అక్కడ ఏ రోజు సెలవో, ఫోటోలు తీసుకోవడానికి ముందుగా ఎవరికి రాయాలో తెలియజేయండి.