స్వావెక్ నిజాయితీపరుడే అనుకుందాం, అయినా పార్లమెంటును నొక్కేసింది ఆయనే కదా?

గోదారిగట్టు: పోలండ్ చరిత్ర అనగానే మనవాళ్లు 1926లో సైన్యంతో అధికారం పట్టిన పిల్సుడ్‌స్కీ దగ్గర ఆగిపోతారు. ఆయన కుడిభుజం వాలెరీ స్వావెక్ గురించి ఎవరూ మాట్లాడరు. రష్యా జార్ ప్రభుత్వం మీద పోరాడుతూ, 1906లో వార్సా దగ్గర మిలానూవెక్‌లో బాంబు ముందే పేలి ఒక కన్నూ, కొన్ని వేళ్లూ పోగొట్టుకున్నాడు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో పోలిష్ దళాలైన లీజియన్లలో సైనికుడు. 1930-35 మధ్య మూడుసార్లు ప్రధాని. సొంతానికి వెనకేసుకున్నదేమీ లేదు. ఇలాంటి మనిషిని నియంతల లెక్కలో వేయడం న్యాయమా?

లాపాయింట్: న్యాయమే. 1934 జనవరి 26 చూడండి. రాజ్యాంగం మార్చడానికి మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. స్వావెక్ నడిపిన, పిల్సుడ్‌స్కీ మద్దతుదారుల బీబీడబ్ల్యూఆర్ కూటమికి అంత బలం లేదు. ప్రతిపక్షం సభలో లేని సమయం చూసి, చర్చకని పెట్టిన ప్రతిపాదనలనే అప్పటికప్పుడు బిల్లు అనేసి ఓటింగ్ కానిచ్చేశారు. 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఏమైనట్టు?

గోదారిగట్టు: సభలోంచి వెళ్లిపొమ్మని వాళ్లకెవరు చెప్పారండీ? కూర్చుని వ్యతిరేకంగా ఓటేస్తే బిల్లు అక్కడే పడిపోయేది. పైగా ఆ ఎత్తు స్తానిస్వావ్ త్సార్ అనే సభ్యుడిది.

లాపాయింట్: త్సార్ ఏ కూటమి మనిషి? ఆ కూటమి అధ్యక్షుడెవరు? ఆ పద్ధతి పిల్సుడ్‌స్కీకే నచ్చలేదు. సెనేట్‌లో నింపాదిగా సాగదీశాక, 1935 ఏప్రిల్ 23న గానీ అధ్యక్షుడి సంతకం పడలేదు.

చుక్కలమ్మాయి: వాకౌట్ దగ్గరే ఎంతసేపు? ముందుకెళ్లండి.

మాస్టారు: ముందుకెళ్లొద్దమ్మా, విషయమంతా అక్కడే ఉంది. మా అపార్ట్‌మెంట్ సంఘంలో మేం నిరసనగా లేచొచ్చేసిన మీటింగులోనే బైలాస్ మార్చేశారు. మినిట్స్ పుస్తకంలో మా పేర్లకెదురుగా ‘గైర్హాజరు’ అని ఎర్ర సిరాతో రాశారు. అడిగితే ‘మీరే వెళ్లిపోయారుగా’ అన్నారు. గోదారిగట్టు గారు ఇప్పుడు అంటున్నదీ అదే మాట.

గోదారిగట్టు: మీ మెయింటెనెన్స్ గొడవలు తెచ్చి ఒక దేశం చరిత్రకు అంటగట్టకండి మాస్టారూ. 123 ఏళ్లు పటంలోనే లేకుండా పోయిన దేశం అది. స్వతంత్రం వచ్చి నాలుగేళ్లు తిరిగాయో లేదో, అధ్యక్షుడు నరుటోవిచ్‌ను పదవి చేపట్టిన ఐదో రోజున కాల్చి చంపారు. పార్టీలు ఒకదాన్నొకటి పీక్కుతింటుంటే చూస్తూ కూర్చోవాలా?

లాపాయింట్: ఆ హంతకుడు మితవాద ఉన్మాది. దానికి శిక్ష అనుభవించింది ఎవరు? 1930 సెప్టెంబరులో ప్రతిపక్ష నాయకులను అర్ధరాత్రి పట్టుకెళ్లి బ్రెస్ట్ కోటలో పడేశారు. మూడుసార్లు ప్రధానిగా చేసిన రైతు నాయకుడు వితోస్ అందులో ఉన్నాడు. సోషలిస్టు నాయకుడు లీబర్‌మన్‌ను దారిలోనే చావబాదారు. 1931 జనవరిలో సభలో లేచి, అక్కడ హింసేమీ జరగలేదన్న ప్రధాని మీ స్వావెకే. దీన్ని నిజాయితీ అంటారా?

గోదారిగట్టు: మీలాంటివాళ్లు ఎప్పుడూ ఇంతే. క్విట్ ఇండియాలో మా తాతగారు రాజమండ్రి జైల్లో ఉన్నారు. తర్వాత ఊళ్లో ఆగస్టు పదిహేనుకు ఆయన్ని పిలిచే నాథుడు లేడు. జెండా ఎగరేసింది ఏనాడూ ఒక్క దెబ్బ తినని సర్పంచి. ప్రాణం ఒడ్డినవాడి మాటకు, నిన్నగాక మొన్న ఓట్లు పోగేసుకున్నవాడి మాటకు ఒకే విలువా? నాకది మింగుడు పడదు.

లాపాయింట్: హమ్మయ్య, అసలు మాట ఇప్పటికి బయటపడింది. మీ తాతగారికి జరిగింది అన్యాయమే, మనస్ఫూర్తిగా అంటున్నా. కానీ 1908లో బెజ్దానీ స్టేషన్లో జార్ టపా రైలును కొట్టి రెండు లక్షల రూబుళ్లు తెచ్చినవాళ్లలో స్వావెక్‌తో పాటు తొమాష్ అర్చిషెవ్‌స్కీ కూడా ఉన్నాడు. ఆయనా ప్రాణం ఒడ్డినవాడే. సోషలిస్టు పార్టీలోనే ఉండి, 1926 తర్వాత ఈ పాలననే ఎదిరించాడు. ఒకే రైలు మీద పడిన ఇద్దరిలో ఎవరి త్యాగానికి ఎక్కువ విలువ కడతారు?

చుక్కలమ్మాయి: దీనికి జవాబు చెప్పండి గోదారిగట్టు గారూ.

గోదారిగట్టు: చెప్తా. పిల్సుడ్‌స్కీ పోయాక, 1935 అక్టోబరులో తన కూటమిని తనే రద్దు చేశాడు స్వావెక్. పార్టీలే వద్దన్నవాడు తన పార్టీనీ ఉంచుకోలేదు. అధ్యక్షుడు మోస్త్సిత్స్కీ, సైన్యాధిపతి రిద్జ్-ష్మిగ్వీ కలిసి పక్కకు నెట్టేసినా గుంపు కట్టలేదు. 1938 ఎన్నికల్లో ఓడిపోయాడు. 1939 ఏప్రిల్‌లో తన ప్రాణం తనే తీసుకున్నాడు. కుర్చీ కోసం పాకులాడేవాడి తీరు ఇదేనా?

లాపాయింట్: కుర్చీ మీద ఆశ ఉందని నేను ఎక్కడా అనలేదే. 1935 ఎన్నికల చట్టం ఆయన తెచ్చిందే. అభ్యర్థిని నిలబెట్టే హక్కు పార్టీల నుంచి తీసేసి నియోజకవర్గ సభల చేతిలో పెట్టాడు. ప్రతిపక్షాలు బహిష్కరించాయి, ఓటేసింది సుమారు 46 శాతం. జనానికి ఏది మంచిదో తనకే తెలుసన్న నమ్మకం అది. అది మంచివాడిలో ఉంటే నాకు ఇంకా భయం.

గోదారిగట్టు: నాకు భయం లేదు. అర్చిషెవ్‌స్కీ సంగతి రేపు విడిగా రాస్తా, దాన్ని వదిలేసేది లేదు.

మాస్టారు: 15 రోజుల నోటీసు సంగతి కూడా రాయండి సార్, దానికింకా జవాబు రాలేదు.