కొర్దోబా మిహ్రాబు లేబుల్ మీద ‘దిక్కు తప్పింది’ అని రాయాలా, వద్దా?

నమూనా_బెంచి

వైజాగ్‌లో ఒక ప్రదర్శన కోసం స్పెయిన్‌లోని కొర్దోబా పెద్ద మసీదు మిహ్రాబుకి ప్లాస్టర్ నమూనా చేస్తున్నాం. అసలు దాంట్లో ఐదో వంతు సైజు. పని ముప్పావు వంతు అయింది, లేబుల్ దగ్గర మా వాళ్లకీ మాకూ పడటం లేదు. చిత్తు ప్రతి ఇది:

“మిహ్రాబు: నమాజులో తిరగాల్సిన దిక్కును, అంటే కిబ్లాను, చూపే గూడు. ఖలీఫా రెండో అల్-హకం కాలంలో హిజ్రీ 354లో (965) కట్టారు. మొజాయిక్ పని బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) నుంచి వచ్చిన నిపుణుడిది. దిక్కు తప్పింది: మక్కా తూర్పున ఉంటే ఇది దక్షిణానికి తిరిగి ఉంది.”

చివరి వాక్యం ఉంచాలా, తీసెయ్యాలా? ఇంకోటి, నమూనాని హాల్లో ఏ గోడకి ఆనించాలి?

దారం_గుండు

ఉంచండి. కొర్దోబా నుంచి మక్కాకి భూగోళం మీద దగ్గరి దారి లెక్కేస్తే ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 100 డిగ్రీలు వస్తుంది. నేరు తూర్పు కంటే పది డిగ్రీలు దక్షిణానికి, అంతే. మసీదు నిలబడింది సుమారు 150 దగ్గర. యాభై డిగ్రీల తేడా. గది మూల మట్టంలో యాభై డిగ్రీలు తప్పిస్తే మేస్త్రీకి కూలి ఇస్తామా? తప్పుని తప్పు అనడానికి మొహమాటం దేనికి?

పాత_నిఘంటువు

దిక్కు సంగతి తర్వాత. ముందు ‘గూడు’ అన్న మాట తీసెయ్యండి. కొర్దోబాలోది గూడు కాదు, గది. ఎనిమిది పలకల గది, ఒక పలక ద్వారం, పైన గవ్వ ఆకారపు కప్పు. మనిషి లోపలికి నడిచి వెళ్లేదాన్ని గూడంటారా? గూట్లో దీపం పెడతాం, పిచ్చుక ఉంటుంది.

సఫ్_చివర

దారం గుండు అన్నా, మేస్త్రీ కూలితో పోల్చేముందు ఒక మాట. మక్కాలోని కాబా కళ్లెదుట ఉన్నవాడికి సరిగ్గా దానికేసే తిరగడం విధి. దూరాన ఉన్నవాడికి ‘జిహత్’, అంటే ఆ వైపు, చాలని ఫిక్హ్ (ఇస్లాం ధర్మశాస్త్ర) పండితుల్లో చాలామంది మాట. “తూర్పు పడమరల మధ్య ఉన్నది కిబ్లా” అని హదీసు, అంటే ప్రవక్త మాట. మదీనా వాళ్లకి మక్కా దక్షిణాన ఉంది కాబట్టి అలా చెప్పారు. కొర్దోబా మసీదుని 785 ప్రాంతంలో మొదలుపెట్టిన మొదటి అబ్దుర్ రహ్మాన్ సిరియా నుంచి వచ్చిన ఉమయ్యద్ రాజవంశస్థుడు. డమాస్కస్‌లో కిబ్లా దాదాపు దక్షిణమే. ఆ అలవాటు అక్కడికీ వచ్చిందని ఒక వాదన. పాత రోమన్ వీధుల వరసని పట్టుకున్నారని ఇంకొకటి. కాబా గోడల వాలుకి సమాంతరంగా పెట్టారని మరొకటి. ఇన్ని ఉండగా ‘తప్పింది’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే ఎలా?

బురుజుపేట_బాబు

ఏటి బాబూ, నాలుగు లైన్ల లేబుల్‌కి ఇంత గోలేటి.

ఆర్చి_గీత

లేబుల్లో నిజంగా సరిచేయాల్సింది మొజాయిక్ వాక్యం. పాత చరిత్రకారుడు ఇబ్న్ ఇధారీ రాసింది చూడండి. రూమ్ రాజు, అంటే బైజాంటియం చక్రవర్తి, ఒక నిపుణుణ్ని, 320 క్వింటాళ్ల మొజాయిక్ ముక్కల్ని పంపాడు. (అది కింతార్ అనే పాత తూకం, మన వంద కిలోల క్వింటా అనుకుని లారీలు లెక్కపెట్టకండి.) ఆ నిపుణుడి కింద అల్-హకం తన మనుషుల్ని పెట్టాడు, వాళ్లు నేర్చుకుని గురువుని మించిపోయారు, ఆయన వెళ్లిపోయాక కూడా పని సాగించారు. మీరేమో మొత్తం ఆయన ఒక్కడి ఖాతాలో రాసేశారు. ద్వారం పక్కల ఉన్న నాలుగు చిన్న స్తంభాలు కూడా కొత్తవి కావు. అంతకుముందు ఏలిన రెండో అబ్దుర్ రహ్మాన్ కాలపు పాత మిహ్రాబు నుంచి తీసి మళ్లీ వాడినవి. లేబుల్లో అదీ రావాలి.

ఇక నమూనా విషయం. మీరు పెట్టిన ఫొటోలో ఆర్చి తేడాగా ఉంది. గుర్రపు నాడా ఆర్చికి వృత్త కేంద్రం దగ్గర వంపు ఆగిపోదు, ఇంకా కిందికి దిగి లోపలికి ముడుచుకుంటుంది. కొర్దోబా పద్ధతిలో ఆ దిగడం సుమారు వ్యాసార్థంలో సగం. మీది పావు వంతు కూడా లేదు, మామూలు అర్ధచంద్రంలా కనిపిస్తోంది. బయటి వంపుని, లోపలి వంపుని ఒకే కేంద్రం నుంచి గీసినట్టున్నారు. బయటి దాని కేంద్రం కాస్త పైకి జరపాలి. అప్పుడే ఆర్చి పట్టీ నెత్తిన వెడల్పుగా, కాళ్ల దగ్గర సన్నగా వస్తుంది. ఆ సన్నటి కాళ్లే అచ్చులోంచి తీసేటప్పుడు విరుగుతాయి. లోపల గాల్వనైజ్డ్ తీగ పెట్టి పోయండి. మామూలు ఇనుప తీగైతే మన సముద్రపు గాలికి తుప్పు పట్టి ప్లాస్టర్ మీద గోధుమ రంగు మరకలు తేలతాయి.

బంగారు రంగుకి స్ప్రే కొట్టకండి. అసలు ముక్కలు రెండు పొరల గాజు మధ్య బంగారు రేకు పెట్టి చేసేవి. వెలుతురు గాజులోంచి వెళ్లి రేకుకి తగిలి వెనక్కి వస్తుంది. స్ప్రే వేస్తే పెళ్లి మండపంలా ఉంటుంది.

దారం_గుండు

డమాస్కస్‌లో దక్షిణం సరైనది. అదే దక్షిణాన్ని నాలుగు వేల కిలోమీటర్లకి దగ్గర్లో పడమరకి మోసుకెళ్తే సరైనది కాదు. తాళంచెవి ఇంటికి సరిపోయింది కదా అని పక్క వీధిలో తలుపుకి పెడితే తెరుచుకుంటుందా? సఫ్ చివర తమ్ముడు మూడు వాదనలు చెప్పాడు. మూడూ ‘ఎందుకు తప్పింది’ అన్నదానికే జవాబులు. ‘తప్పలేదు’ అన్నదానికి ఒక్కటీ లేదు.

పాత_నిఘంటువు

ఆర్చి గీత గారు అంత పొడుగు రాసి గూడు విషయం వదిలేశారు. ఖుర్ఆన్‌లో దీపం ఉండే గూడు ‘మిష్కాత్’, నూర్ సూరా (అధ్యాయం) 35వ ఆయత్ (వాక్యం). ‘మిహ్రాబు’ వేరే మాట. మర్యమ్ (యేసు తల్లి మరియ) ఉన్న చోట, జకరియ్యా ప్రవక్త ప్రార్థన చేసిన చోట వస్తుంది, ఆలి ఇమ్రాన్ 37, 39. అంటే గది, ఆంతరంగిక స్థలం. మాట మూలంలోనే గది ఉంది, కట్టడంలోనూ గదే ఉంది, మీ లేబుల్లో మాత్రం గూడు!

సఫ్_చివర

పెద్దాయనా, మదీనాలో ప్రవక్త మసీదుని ఖలీఫా అల్-వలీద్ కాలంలో, ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ గవర్నరుగా ఉండగా, 707–709 ప్రాంతంలో తిరిగి కట్టినప్పుడు గోడలో లోపలికి తొలిచినదే మొదటి గుల్ల మిహ్రాబు అంటారు. తర్వాత ఎక్కువ చోట్ల అలాంటి గూళ్లే. కొర్దోబాది మినహాయింపు.

పాత_నిఘంటువు

వాళ్ల నమూనా ఆ మినహాయింపుదే కదా!

నమూనా_బెంచి

ఆర్చి మళ్లీ గీస్తాం, థాంక్స్ మేడం. గోడ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో డౌటు, ప్లాన్‌లో మిహ్రాబు దక్షిణ గోడ మధ్యలో లేదు, మేం తప్పు గీశామా?

ఆర్చి_గీత

సరిగ్గానే గీశారు. కట్టినప్పుడు అది మధ్యలోనే ఉంది, పదకొండు నడవల (స్తంభాల వరసల మధ్య దారుల) హాల్లో. 987 ప్రాంతంలో అప్పటి పాలన నడిపిన మంత్రి అల్-మన్సూర్ ఇంకో ఎనిమిది నడవలు తూర్పున కలిపాడు. దక్షిణాన నది, పడమట రాజభవనం, ఇక మిగిలింది తూర్పే. గోడ పెరిగింది, మిహ్రాబు ఉన్నచోటే ఉండిపోయింది. నమూనాకి పక్క నుంచి వెలుతురు పడే గోడ చూడండి, దిక్కుతో పనిలేదు. ఎదురు లైటు పెడితే చెక్కడమంతా చదునుగా కనిపిస్తుంది.

సఫ్_చివర

వీలైతే పడమటి గోడకే పెట్టండి. చూడ్డానికి వచ్చినవాళ్లకి అర్థమవుతుంది.

దారం_గుండు

పడమర కాదు. విశాఖపట్నం నుంచి కిబ్లా సుమారు 282న్నర డిగ్రీలు, అంటే నేరు పడమర నుంచి పన్నెండున్నర ఉత్తరానికి. అలా పెడతారా, పడమర అని సరిపెట్టుకుంటారా?

ఫోన్‌తో మాత్రం చూడొద్దు. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, బాధ దానితో కాదు. కాంక్రీటు స్తంభంలో ఊచలు, ఇనుప బీరువా, ఫోన్ కవర్లోని మ్యాగ్నెట్, వీటి దగ్గర పది డిగ్రీలు అటూ ఇటూ పోవడం మామూలే. రెండడుగులు జరిగి మళ్లీ చూడండి, ముల్లు మారితే ఆ రీడింగు పనికిరాదు.

నిక్కమైన పద్ధతి సూర్యుడు. ఏటా మే 27, 28 తేదీల్లో మన టైము మధ్యాహ్నం 2:48కి, జూలై 15, 16ల్లో 2:57కి సూర్యుడు మక్కాకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషానికి బయట తాడుకి గుండు కట్టి వేలాడదీయండి. తాడు నీడ మీద చాక్‌పీసుతో గీత గీయండి. నీడ కొసనుంచి తాడు వైపు చూస్తే అదే కిబ్లా. మన ఊళ్లో అప్పుడు ఎండ సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, ఆరడుగుల కర్రకి అయిదడుగుల పైచిలుకు నీడ పడుతుంది, గీయడానికి బాగా సరిపోతుంది. గాలికి తాడు ఊగితే గుండుని నీళ్ల బకెట్లో ముంచండి. జూలైని నమ్ముకోవద్దు, మబ్బుంటుంది. నేరు పడమరకి కట్టిన పాత మసీదులన్నీ ఇలా ఒక్కసారి చూసుకుంటే ఎంత తప్పారో తెలిసేది.

సఫ్_చివర

వచ్చింది అసలు సంగతి! కొర్దోబా దాకా పోవడం దేనికి, మన ఊరి మసీదుల గురించే సూటిగా అడగొచ్చు కదా. ఇలాగే ఎవరో ఫోన్ పట్టుకుని ‘మీది తప్పింది’ అన్నారని ఒక పాత మసీదులో కార్పెట్ మీద టేపు గీతలు ఏటవాలుగా అతికించారు. ఇప్పుడు సగంమంది గోడకి తిరిగి, సగంమంది టేపుకి తిరిగి నిలబడుతున్నారు. సఫ్, అంటే నమాజు వరస, విరిగిపోయింది. ముసలివాళ్లు ‘ఇన్నేళ్ల మా నమాజు చెల్లలేదా’ అని అడుగుతుంటే జవాబిచ్చేవాడు లేడు. నీ ‘తప్పు’ అన్న ఒక్క మాట చేసే పని ఇది. నువ్వు డిగ్రీలు చెప్పి ఇంటికి పోతావు.

బురుజుపేట_బాబు

ఇప్పుడైంది అసలు చర్చ.

దారం_గుండు

ఆ టేపు నేను అతికించలేదు, అతికించమని ఎవరికీ చెప్పలేదు. అడిగితే వద్దనేవాణ్ని. లెక్క చూడు. నలభై అడుగుల వెడల్పు హాల్లో వరసని పన్నెండున్నర డిగ్రీలు తిప్పితే ఒక కొస తొమ్మిది అడుగులు జరుగుతుంది. వరసకి నాలుగడుగులు వేసుకుంటే రెండు వరసల పైమాట. ముందు ఒక మూల ముక్కోణం ఖాళీ, వెనక ఇంకో మూల ముక్కోణం ఖాళీ, స్తంభాలు వరసల మధ్యలోకి వస్తాయి. శుక్రవారం జనం పట్టరు. అది కొలత తెలిసినవాడు చేసే పని కాదు.

నాకు తప్పు అంటే కొలతలో తేడా. పాపం అని నేనెక్కడా అనలేదు.

సఫ్_చివర

తెలుగులో తప్పు అంటే రెండూనూ. ‘తప్పయిపోయింది’ అని చెంపలేసుకునేది కొలతకా? లేబుల్ చదివేవాడికి నీ మనసులోని అర్థం ఎలా తెలుస్తుంది? అయినా పండితులు నలభై అయిదు డిగ్రీల దాకా పర్వాలేదన్నారు, పన్నెండున్నర ఒక లెక్కా?

దారం_గుండు

మరి కొర్దోబాది యాభై. మీ పండితుల లెక్కలోనూ దాటింది!

ఆర్చి_గీత

ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. వాళ్లకి తెలియక అలా కట్టారని ఇద్దరూ అనుకుంటున్నారు. తెలుసు. కొర్దోబాకి కొద్ది దూరంలోనే మదీనత్ అజ్-జహ్రా ఉంది. అల్-హకం తండ్రి మూడో అబ్దుర్ రహ్మాన్ 936లో మొదలుపెట్టిన నగరం. అక్కడి మసీదు పునాదులు తవ్వకాల్లో దొరికాయి. అది కొర్దోబా దానికంటే చాలా తూర్పుకి తిరిగి, చుట్టూ ఉన్న కట్టడాల వరసకి అడ్డంగా ఉంది. అంటే 965 నాటికే వాళ్ల దగ్గర మెరుగైన లెక్క ఉంది. కొర్దోబాని అల్-హకం పెంచేటప్పుడు ఖగోళం తెలిసినవాళ్లు తూర్పుకి తిప్పమన్నారనీ, పూర్వీకులు నమాజు చేసిన దిక్కునే ఉంచాలని తేల్చారనీ తర్వాతి చరిత్రకారుడు అల్-మక్కరీ రాశాడు. తిప్పాలంటే గోడొక్కటీ కాదు, పదకొండు నడవల స్తంభాలూ ఆ గోడకేసే పరిగెడుతున్నాయి. మిహ్రాబుని ఒక్కదాన్నే తిప్పితే ఇమాం ఒకవైపు, హాలు ఒకవైపు.

సఫ్_చివర

నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

దారం_గుండు

నువ్వు అన్నది వైపు చాలని, తేడా లేదని. గీత గారు అన్నది తేడా ఉంది, తెలిసే ఉంచారని. రెండూ ఒకటి కాదు. తెలిసి ఉంచారంటే ‘దిక్కు తప్పింది’ తీసెయ్యండి, ఒప్పుకుంటాను. యాభై డిగ్రీలు మాత్రం లేబుల్లో ఉండాలి. అది దాస్తే నేను ఊరుకోను.

సఫ్_చివర

అంకె రాసుకో అన్నా, అంకెతో నాకేం పేచీ లేదు. ఆ టేపు పెట్టిన హాల్లో మే 28న నీ తాడు, గుండు పట్టుకొచ్చి ఈ తొమ్మిది అడుగుల లెక్క కమిటీ వాళ్ల ముందు చెప్తావా?

దారం_గుండు

రెండింటికల్లా వస్తాను. హాల్లో కాదు, బయట ఎండ పడే వసారా చూసి ఉంచు. బకెట్ ప్లాస్టిక్‌దే ఉండనీ, అక్కడ కంపాస్ కూడా పెట్టి రెండూ పోల్చాలి.

నమూనా_బెంచి

సవరించాం:

“మిహ్రాబు: కిబ్లాను చూపే గూడు. రెండో అల్-హకం కాలంలో, హిజ్రీ 354 (965). ద్వారం పక్క నాలుగు స్తంభాలు పాత మిహ్రాబువి. మొజాయిక్ బైజాంటియం నిపుణుడి దగ్గర నేర్చుకున్న స్థానికులది కూడా. మక్కా దిశకీ దీనికీ సుమారు యాభై డిగ్రీల తేడా ఉంది. అప్పటికే మెరుగైన లెక్క తెలిసినా, పూర్వీకుల దిక్కునే ఉంచారు.”

నమూనా ఉత్తరపు కిటికీ పక్కన పెడుతున్నాం, పక్క వెలుతురు కోసం.

పాత_నిఘంటువు

ఇంకా ‘గూడు’ అనే ఉంది.