అప్‌డేట్: ఉద్యోగం విజయవాడలో, కాపురం తెనాలిలో

బెంజ్ సర్కిల్ దగ్గర ఉద్యోగం వచ్చింది, అక్కడే అద్దెకుండాలా, తెనాలిలో ఉండి రోజూ రైల్లో తిరగాలా అని అడిగాను కదా. తెనాలిలోనే దిగాం.

తెనాలిలో అద్దె తక్కువని మీరన్నారు, అలాగే ఉంది. మొగల్రాజపురంలో డబుల్ బెడ్‌రూమ్‌కి 16,000 అడిగారు, గంగానమ్మపేటలో అలాంటిదే 9,000కి దొరికింది. సీజన్ టికెట్ ఖర్చు అసలు లెక్కలోకే రాదు. కాకపోతే సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే విడిగా కట్టాలి, రిజర్వేషన్ బోగీలో కాలు పెడితే ఫైనే.

డబ్బంతా పోయేది స్టేషన్ బయట. పొద్దున షేర్ ఆటో, వానొస్తే మామూలు ఆటో, ఇటు తెనాలి స్టేషన్లో బండి పార్కింగ్. అన్నీ పోను నెలకి మిగిలేది 7,000 కాదు, సగం కూడా కష్టమే.

టైం సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ! ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం ఇట్టే అయిపోతుంది. కానీ కృష్ణా కెనాల్ స్టేషన్ దాటాక, విజయవాడలో ప్లాట్‌ఫాం ఖాళీ లేదని రైలు ఆపేస్తారు. కిటికీలోంచి ప్రకాశం బ్యారేజీ బాగానే కనిపిస్తుంది, ఆఫీసులో పంచింగ్ మిషనే కనిపించదు.

ఇల్లు కొనేయమన్న అన్నగారికి: ఇప్పుడే కాదండీ. అగ్రిమెంట్ 11 నెలలకి రాశాం. ఈలోగా వారానికి రెండ్రోజులు ఇంటి నుంచి పని చేయనిస్తే ఇక్కడే ఉంటాం.