"అతిథిదేవో భవ", "దేవుడల్లే వచ్చారు": రెండూ ఒకటేనా?

రాజోలు నుంచి ప్రశ్న: సత్రాల బోర్డుల మీద "అతిధి దేవోభవః" అని రాస్తున్నారండి. ఇందులో తప్పెంత? ఇంకోటి, రేవులో ముక్కూమొహం తెలియనివాళ్ళు సాయపడితే "దేవుడల్లే వచ్చారండీ" అంటాం కదా, అది దీనికి తెలుగేనా?

భీమవరం: ముందు బోర్డు సంగతి. 'ధి' కాదు, 'థి'. "భవ" అంటే "అగుము", భూ ధాతువుకి లోట్ (ఆజ్ఞ చెప్పే రూపం) మధ్యమపురుష ఏకవచనం. విసర్గ తగిలిస్తే నామవాచకమైపోయి శివుడి పేరవుతుంది. ఇది తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి 11వ అనువాకంలో, చదువు ముగిసిన శిష్యుడికి గురువు చెప్పే మాట. "అతిథి దేవుడు" అని కాదండి అర్థం, "అతిథి దేవుడుగా గలవాడవు కమ్ము" అని. బహువ్రీహి, అంటే 'అది గలవాడు' అని చెప్పే సమాసం. రుజువు పక్కనే ఉంది: "మాతృదేవో భవ". విడి పదమైతే "మాతా" అని ఉండాలి. "మాతృ" అని ప్రాతిపదిక (విభక్తి చేరని మూలరూపం) మిగిలిందంటే అది సమాసమే. అందుకని "అతిథిదేవో" కలిపి, "భవ" విడిగా రాయాలి.

నరసాపురం: 'అతిథి' అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని అందరూ చెప్పేదే. వ్యాకరణంలో ఇంకో దారి ఉంది: ఎడతెగక తిరగడమనే అర్థమున్న 'అత్' ధాతువు మీద 'ఇథిన్' అనే ఉణాది ప్రత్యయం (ధాతువు నుంచి పేర్లు పుట్టించేది). మనుస్మృతి 3.102 మూడోది చెబుతుంది: ఒక్క రాత్రి ఉండేవాడు, నిలకడగా ఉండడు కనుక అతిథి. (అక్కడ మాట బ్రాహ్మణ అతిథి గురించేనండోయ్.) అమరకోశం అతిథికి 'ఆగంతు' అని పర్యాయం ఇస్తుంది. ఆ కుదురులోదే మన 'ఆగంతకుడు'. పాపం, ఇప్పుడు పేపర్లో ఆయన కనిపించేది దొంగతనాల వార్తల్లోనే.

అమలాపురం: రెండో ప్రశ్నకి జవాబు: దానికి తెలుగు కాదండి, తిరగేసిన మాట. ఉపనిషత్తులో వచ్చినవాడికి అవసరం, ఆజ్ఞ ఇంటివాడికి. రేవులో అవసరం మనది, దేవుడి పోలిక సాయం చేసినవాడికి. సఖినేటిపల్లి వెళ్ళే ఆఖరి పంటు (రేవు దాటించే పడవ) కదిలిపోతుంటే కేకేసి ఆపించినవాణ్ణి అనుకోండి. "మీరు దేవుడల్లే సమయానికి వచ్చారు": 'మీరు' ఉపమేయం, 'దేవుడు' ఉపమానం, సమయానికి రావడం సమానధర్మం, 'అల్లే' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి, పూర్ణోపమ. "మీరే దేవుడు" అంటే రూపకం, అది మొహమాటపెట్టే మాట. రేవు మాట మనిషిని దేవుణ్ణి చెయ్యదు, ఆ రాకని దేవుడి రాకతో పోలుస్తుందంతే. అందుకే క్రియ మారిస్తే చెడుతుంది. "దేవుడల్లే ఉన్నారు" అంటే ఆయన గుణం గురించి, "దేవుడల్లే వస్తారు" అంటే ఏదో పని పడి కాకా పట్టడం. 'వచ్చారు', కాకపోతే 'కనిపించారు', రెండే సరిగ్గా నప్పుతాయి. చెడ్డ రాకకి క్రియ వేరు: శని దాపురిస్తాడు. దేవుడు దాపురించాడని ఎవరూ అనరు.

సంధి కూడా చూడండి. దేవుడు + అల్లే, ఉత్వసంధి. 'లాగా' అయితే షష్ఠి కావాలి: దేవుడిలాగా. 'అల్లే'కి ప్రథమ చాలు. "దేవుడి అల్లే" అని రాస్తే తప్పు. ఆడవాళ్ళకైతే "మహాలక్ష్మల్లే వచ్చావు తల్లీ", ఇక్కడ పోయింది ఇకారం. ఇంకో తమాషా: గుళ్ళో దేవుణ్ణి 'నువ్వు' అంటాం. దేవుడల్లే వచ్చిన కొత్తవాణ్ణి మాత్రం 'మీరు', పైన 'అండీ' కూడాను.

నరసాపురం: రెండు దారులూ కలిసిన చోటొకటి ఉంది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909). ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టారు, అది అతిథిదేవో భవ. తిన్నవాళ్ళు ఆవిణ్ణి అన్నపూర్ణ అన్నారు, అది రేవు మాట. కాకపోతే అందులో 'అల్లే' లేదు. "అపర అన్నపూర్ణ". 'అపర' అంటే మరొక.

రాజోలు: బాగుందండి. మరి బోర్డు తిరగరాయించాలంటారా?

భీమవరం: అక్కర్లేదండి. 'ధి' పొట్టలో ఒక చుక్క పెడితే 'థి' అయిపోతుంది. చివర విసర్గ చెరిపెయ్యమనండి. 'దేవో' తర్వాత జాగా లేదా, అది వదిలెయ్యండి.