స్పీడింగ్ టికెట్‌లో పిల్లల ఫండ్‌కి 5 డాలర్లు ఎందుకు? (డాలస్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళకి)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈమధ్యే టెక్సస్ వచ్చాను. స్పీడింగ్ టికెట్ పడింది. కోర్టు లెక్కలో అసలు ఫైన్ కంటే కోర్టు ఖర్చులే ఎక్కువున్నాయి. 'యూత్ డైవర్షన్ ఫండ్' అని ఒక లైను, 'అరెస్ట్ ఫీ' అని ఇంకో లైను. నా మీద ఇంకేదైనా కేసు పెట్టారా అని టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో కట్టేయమని రూమ్మేట్లు అంటున్నారు. కట్టేయనా?

జవాబు:
తమ్ముడూ, ముందు స్థిమితపడు. ఇంకో కేసేమీ లేదు. అరెస్ట్ ఫీ అంటే ఆఫీసర్ టికెట్ రాసినందుకు వేసే 5 డాలర్లు, అంతే. సిటీ కోర్టులో మామూలు ట్రాఫిక్ టికెట్‌కి ఫైన్ కాక స్టేట్‌కి 62, స్టేట్ ట్రాఫిక్ ఫైన్ 50, లోకల్ ఫీజు 14, లోకల్ ట్రాఫిక్ 3, ఈ 5 కలిపి 134 డాలర్లవుతాయి. ఆ 14లోంచే 5 డాలర్లు యూత్ డైవర్షన్ ఫండ్‌కి, అంటే పిల్లల ఫండ్‌కి వెళ్తాయి. మిగతాది కోర్టు సెక్యూరిటీకి, కంప్యూటర్లకి. జ్యూరీకి 10 సెంట్లు.

ఆ 5 డాలర్లు దేనికో చెప్తాను, ఇక్కడ పిల్లల్ని పెంచేవాళ్ళకీ ఇది అవసరం. చిన్న దొంగతనం, కొట్లాట లాంటి ఫైన్‌తో పోయే నేరాల్లో 17 ఏళ్ళ లోపు పిల్లలు ఇవే కోర్టులకి వస్తారు, అమ్మానాన్నల్లో ఒకరు వెంట రావాల్సిందే. వాళ్ళ కేసులు చూడటానికి చాలా కోర్టుల్లో జువనైల్ కేస్ మేనేజర్ ఉంటారు. ఆ జీతానికి ఈ ఫండ్ వాడతారు. 2023లో చేసిన చట్టం ప్రకారం 2025 జనవరి నుంచి ట్రాఫిక్ కాని ఇలాంటి కేసుల్లో పిల్లలకి శిక్ష పడకుండా ముందు డైవర్షన్ అవకాశం ఇవ్వాలి: కౌన్సెలింగ్, ట్యూటరింగ్, కమ్యూనిటీ సర్వీస్ లాంటివి. తల్లిదండ్రుల దగ్గర 50 డాలర్ల వరకు ఫీజు అడగొచ్చు కానీ, కట్టలేకపోతే మాఫీ చేయాలి. డబ్బు లేదని పిల్లాడికి అవకాశం ఆపకూడదు.

పని మంచిదే. డబ్బు తెచ్చే దారి మాత్రం నాకు నచ్చదు. పిల్లల్ని గాడిలో పెట్టే మనిషి జీతం ఆ ఊళ్ళో ఎన్ని టికెట్లు పడ్డాయన్నదాని మీద నడవకూడదు. జనం నెమ్మదిగా నడిపితే ఫండ్ తగ్గిపోతుంది, పిల్లల అవసరం తగ్గదు కదా. పైగా నీకు 134 ఇబ్బంది అయితే, గంటల లెక్కన పనిచేసేవాళ్ళకి అది ఆ నెల కరెంటు బిల్లు. దీన్ని అందరి పన్నుల్లోంచి ఇవ్వాలి.

ఇక నీ సంగతి. కళ్ళు మూసుకుని కట్టెయ్యకు. ఆన్‌లైన్‌లో కడితే నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను, వాదించను, శిక్షకి సరే) చెప్పినట్టే, కన్విక్షన్ అంటే దోషి అన్న తీర్పు రికార్డుకెక్కుతుంది. టికెట్ మీదున్న తేదీలోపు కోర్టుకి రాసి డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు అడుగు. టెక్సస్ లైసెన్స్ ఉండాలి, స్పీడ్ లిమిట్ మీద 25 మైళ్ళు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండకూడదు. కోర్టు ఖర్చులు తప్పవు, ఇంకో 10 డాలర్ల ఫీజు కూడా ఉంటుంది, కానీ కోర్సు పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. ఇంకా ఇండియా లైసెన్సే అయితే డిఫర్డ్ డిస్పోజిషన్ (తీర్పు ఆపి, కోర్టు షరతులు పాటిస్తే కేసు కొట్టేయడం) అడుగు. 25 ఏళ్ళ లోపైతే అందులోనూ కోర్సు చేయమంటారు. తేదీ మాత్రం దాటనివ్వకు. దాటితే వారంటు, లైసెన్స్ రెన్యువల్ ఆగడం, అన్నీ మెడకి చుట్టుకుంటాయి.

ప్రశ్న:
థాంక్స్ అక్కా. ఒకేసారి అంత కట్టలేకపోతే?

జవాబు:
సిగ్గుపడకుండా జడ్జిని అడుగు. వాయిదాలు, కమ్యూనిటీ సర్వీస్, కొంత మాఫీ, అన్నీ చట్టంలో ఉన్నాయి. 8 గంటల సర్వీస్‌కి కనీసం 100 డాలర్లు తీసేయాలి. కానీ తీర్పు వచ్చాక 31వ రోజుకి బాకీ మిగిలితే ఇంకో 15 డాలర్లు పడుతుంది, అందుకే ముందే అడుగు.

ఇంకొకరి జవాబు:
అక్క చెప్పింది ట్రాఫిక్ టికెట్ వరకే. స్టోర్‌లో దొంగతనం అని టికెట్ రాస్తే, 100 డాలర్ల లోపు వస్తువైనా సరే, వకీలుతో, ఇమిగ్రేషన్ అటార్నీతో మాట్లాడకుండా పైసా కట్టొద్దు తమ్ముడూ. డిఫర్డ్ తీసుకున్నా వీసాకి ఇబ్బంది రావొచ్చు. నీ కేసు కొట్టేశాక కోర్టు ఇచ్చే డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే) కాగితం సర్టిఫైడ్ కాపీ తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచుకో.